బొడ్డు కోసిన చెయ్యి

పటిక ముక్కకి దారం కట్టి బిందెలో తిప్పుతున్నాను. మా ఊళ్ళో బావులన్నీ ఉప్పు. తాగడానికి మంచినీళ్ళ చెరువొక్కటే గతి. ఆ నీళ్ళు ఎర్రగా ఉంటాయి కాబట్టి రోజూ పొద్దున్నే ఈ పని తప్పదు. మట్టి ఇంకా అడుక్కి దిగకముందే గుమ్మం దగ్గర ట్రంకుపెట్టె దించిన చప్పుడైంది.

"దుర్గ సిస్టరు ఉన్నారాండీ?"

"నేనే."

"మీరా? పెద్దావిడనుకున్నాను," అంది ఆ పిల్ల. తర్వాత నాలిక కరుచుకుంది. "అంటే, పెద్దవారే. కానీ మరీ పెద్దవారు కాదని."

లోపలికి రమ్మన్నాను.

పేరు జహీదా. బందరు పిల్ల. తండ్రి దస్తగిరి అక్కడ సైకిళ్ళు బాగుచేస్తాడు. నర్సు ట్రైనింగు చివరి మూడు నెలలూ పల్లెటూళ్ళో, ఉద్యోగం చేస్తున్న ఒక నర్సు దగ్గర ఉండి పని నేర్చుకోవాలి. అలా నా దగ్గర వేశారు. నాకు మొదటి స్టూడెంటు ఆ పిల్లే. మా మీద ఉండే హెల్త్ విజిటరు భానుమతిగారు కబురు పంపారు: "చురుకైన పిల్ల. జాగ్రత్తగా చూసుకో. పనికొస్తుందో లేదో చివర్లో నిన్నే అడుగుతాను."

నేను చదివింది పెదపారుపూడి పక్క పల్లెటూరి బడిలో. ట్రైనింగు అయ్యాక గుడివాడలో భానుమతిగారి కింద పని నేర్చుకున్నాను. ఆవిడ నేర్పే పద్ధతి ఒక్కటే. "చూడు" అనేవారు. ఏదైనా అడిగితే "కళ్ళు లేవా?" అనేవారు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఆవిడ చేతులు చూస్తూ, రాత్రి పడుకునేముందు ఒక్కొక్కటీ గుర్తుచేసుకునేదాన్ని. నాకు తెలిసిన నేర్పడం అదే.

జహీదా వచ్చిన రోజు నించీ అడుగుతూనే ఉంది. ఈవిడకి మాత్రలు ఎందుకిచ్చారు, ఆవిడకెందుకు ఇవ్వలేదు. వెనకవీధి నించి కాకుండా కాలవగట్టు నించి ఎందుకొచ్చాం. ఆ ఇంట్లో మంచం మీద కూర్చోమంటే మీరెందుకు కింద కూర్చున్నారు. నేను "చూస్తూ ఉండు, తెలుస్తుంది" అనేదాన్ని. నాలుగైదు రోజులకి నన్ను అడగడం మానేసి స్టవ్వుతో మాట్లాడ్డం మొదలెట్టింది.

"ఏవమ్మా స్టవ్వూ, నువ్వైనా చెప్పు. మన సిస్టరు నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

నాకు నవ్వొచ్చింది. కానీ పైకి నవ్వలేదు.

పాపాయమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. మా ఊళ్ళో మంత్రసాని ఆవిడే. హంసలదీవి వైపు చివరి గుడిసెల దాకా ఆవిడ చేతి మీదే పిల్లలు పుట్టారు. ఉప్పెన వచ్చి వెళ్ళిన ఏడు నన్ను ఈ ఊళ్ళో వేశారు. అప్పట్లో పుట్టిన పిల్లలు వారం తిరక్కుండానే దవడలు బిగుసుకుపోయి పోయేవాళ్ళు. ధనుర్వాతం. బొడ్డు ఏది దొరికితే దాంతో కోసేవారు, కొడవలి కావచ్చు, వెదురు బద్ద కావచ్చు. ఉప్పెనలో పిల్లల్ని పోగొట్టుకుని మళ్ళీ కన్న తల్లులకి ఆ పిల్లలూ దక్కేవారు కాదు.

నేను పాపాయమ్మతో దెబ్బలాడలేదు. సాయంత్రాలు వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చునేదాన్ని. ఆవిడ చేపలు తోముకుంటూ ఉండేది, నేను చూస్తూ ఉండేదాన్ని. చాలా రోజులకి ఆవిడే అంది, "నీకేం కావాలో చెప్పి పో అమ్మాయ్, నా వాకిట్లో కాకిలా ఎన్నాళ్ళు కూర్చుంటావు?" అని.

అప్పుడు ఒక ఒప్పందం కుదిరింది. నొప్పులు మొదలవగానే పాపాయమ్మ నాకు కబురు పెట్టాలి. నేను బ్లేడూ దారమూ మరగబెట్టి తీసుకెళ్ళాలి. తల్లిని నేను చూసుకుంటాను. బొడ్డు కోసేముందు పాపాయమ్మ సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. బ్లేడు నేను ఆవిడ చేతిలో పెడతాను. కొయ్యడం మాత్రం ఆవిడే కొయ్యాలి.

ఎందుకంటే మా ఊళ్ళో బిడ్డ బొడ్డు ఎవరు కోస్తే మొదటి నీళ్ళూ వాళ్ళే పోస్తారు. పదకొండో రోజు పురుడు చేసినప్పుడు చీరా, చేటెడు బియ్యమూ వాళ్ళకే ఇస్తారు. మిగతా చాకిరీ ఎంత చేసినా ఆ లెక్కలోకి రాదు. బొడ్డు కోసిన చేతికే మర్యాద. అది నేను లాక్కుంటే పాపాయమ్మ నన్నెందుకు పిలుస్తుంది?

ఆవిడ పిలవడం మొదలెట్టాక ఊళ్ళో ధనుర్వాతం అన్న మాట వినపడలేదు. మా పుస్తకాల్లో మాత్రం, నర్సు దగ్గరుంటే నర్సే కొయ్యాలని ఉంటుంది. భానుమతిగారికి ఈ సంగతి తెలుసు. తెలియనట్టు ఉంటారు.

ఇదంతా జహీదాకి నేను చెప్పలేదు. రెండు కాన్పులు చూస్తే తనకే తెలుస్తుందనుకున్నాను. అయితే తను చూసిన మొదటి కాన్పే వెంకాయమ్మగారి కోడలిది.

వెంకాయమ్మగారిది ఊళ్ళో పెద్ద కమతం. భర్త గోవర్ధనరావుగారు మెతకమనిషి. ఇంట్లో పెత్తనం ఆవిడదే. కోడలికి మధ్యాహ్నం నొప్పులెక్కువయ్యాయి. పాపాయమ్మ ఆ అమ్మాయి వెనకాల కూర్చుని నడుం పట్టుకుంది. నేను ముందున్నాను. జహీదా ట్రే పట్టుకుని పక్కన నిలబడింది. తల కనపడగానే నేను పాపాయమ్మకి సైగ చేశాను. ఆవిడ లేచి చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళింది.

బిడ్డ అనుకున్నదానికంటే తొందరగా వచ్చేశాడు. ఏడవలేదు. జహీదా చేతికిచ్చాను. తల్లికి రక్తం పోతోంది, నా రెండు చేతులూ ఆవిడ పొట్ట మీదే ఉన్నాయి, కళ్ళూ అక్కడే ఉన్నాయి. జహీదా బిడ్డ నోట్లో ఉమ్మనీరు తుడిచి, కాళ్ళు పట్టుకుని వీపు రాసింది. వాడు ఏడిచాడు. చక్కగా, గట్టిగా ఏడిచాడు. నేను తల తిప్పేసరికి రెండు చోట్లా దారం కట్టి ఉంది, మధ్యలో బొడ్డు కోసి ఉంది. జహీదా మొహం వెలిగిపోతోంది. స్కూల్లో ఎలా నేర్పారో అలాగే చేసింది. వేలెత్తి చూపించడానికి ఏమీ లేదు.

పాపాయమ్మ తడి చేతులు ఎత్తిపట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. సబ్బు నీళ్ళు మోచేతుల మీద నించి కారుతున్నాయి. బిడ్డ వైపు చూసింది, నా వైపు చూసింది. చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని మళ్ళీ వెళ్ళి తల్లి వెనకాల కూర్చుంది. మాయ పడ్డాక దాన్ని పాతిపెట్టడానికి తనే తీసుకెళ్ళింది.

దారిలో జహీదా అడిగింది, "బాగా కట్టానా సిస్టర్?"

"బాగానే కట్టావు," అన్నాను.

పురుడు నాడు వెంకాయమ్మగారు పాపాయమ్మకి ఒక సోలెడు బియ్యం పోసి పంపేశారట. చీర లేదట. "బొడ్డు కోసింది నర్సమ్మ. మరి నీకెందుకే?" అన్నారట. ఈ మాట నాకు వారం తర్వాత తెలిసింది. అదైనా, చెరువు గట్టు కింద ఒక ఇంట్లో కాన్పయిందని, నాకు కబురు రాలేదని తెలిసి పాపాయమ్మ దగ్గరకి వెళ్తే తెలిసింది.

ఆవిడ చేపలు తోముతోంది. నన్ను కూర్చోమనలేదు.

"అదేంటి పాపాయమ్మత్తా, పిలవలేదు?"

"పిలిచి ఏం లాభం? సబ్బు నాకిచ్చి బ్లేడు మీరుంచుకున్నారు."

"ఆ పిల్లకి తెలియదు."

"దానికి తెలియదు. నీకు తెలుసుగా? నన్ను చేతులు కడుక్కోమని పెరట్లోకి పంపి, నే కడుక్కొచ్చేలోపు పని కానిచ్చేశారు. చదువుకున్న చేతులు కదా, చురుగ్గా ఉంటాయి. పైగా వెంకాయమ్మ ఊరంతా చెప్తోంది, నర్సులు కోస్తే ఏమీ ఇవ్వక్కర్లేదు, ఇకనించీ చీరలు మిగులుతాయని." చేప తలకాయ పిల్లి వైపు గిరాటేసింది. "రాజమ్మ సంగతి కూడా నే చూసుకుంటాలే. నువ్వు రాకు."

రాజమ్మ పాపాయమ్మ అన్న కూతురు. ఉప్పెనలో రాజమ్మ పిల్లలిద్దరూ ఆవిడ చేతుల్లోంచే కొట్టుకుపోయారు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. వెనకటి కాన్పులో రక్తం ఆగక చావు దాకా వెళ్ళిందని, ఈసారి నర్సు పక్కన లేకుండా కాన్పు కాకూడదని అవనిగడ్డ డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. రక్తం ఆగే సూది నా దగ్గరుంది. కానీ పాపాయమ్మని కాదని రాజమ్మ నన్ను పిలవదు. మేనత్త మాటంటే ఆ ఇంట్లో వేదం.

ఇంటికొచ్చాను. ఆ రోజూ మర్నాడూ జహీదాతో ఏమీ అనలేదు. అన్నం వండాను, పెట్టాను. మూడో రోజు సాయంత్రం అన్నాను.

"నిన్ను చల్లపల్లి వైపు మార్చమని భానుమతిగారిని అడుగుతాను."

జహీదా కట్లు కట్టే గాజుగుడ్డలు మడత పెడుతోంది. చెయ్యి ఆగింది. "ఎందుకండీ?"

"నువ్విక్కడ ఉంటే పాపాయమ్మ మనల్ని పిలవదు."

"ఎందుకు పిలవదు?"

అప్పుడు చెప్పాను. ఒప్పందం, చీర, చేట, వెంకాయమ్మగారి మాట, అన్నీ. నా నోట ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ రాలేదు. జహీదా వింటూ గాజుగుడ్డ నలిపేసింది.

"ఇది నాకు ఎప్పుడు చెప్దామనుకున్నారు?"

"చూస్తే తెలుస్తుందనుకున్నాను."

"ఏం చూస్తే? నేను వచ్చిన దగ్గర్నించీ మీ చేతులే చూస్తున్నాను సిస్టర్. చెయ్యి ఏం చేస్తోందో కనపడుతుంది. ఎందుకు చేస్తోందో ఎలా కనపడుతుంది? మీరు మంచం మీద కాకుండా కింద కూర్చుంటే నేనూ కింద కూర్చున్నాను. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు."

"ఆ మంచం బాలింతది. మర్యాదకి కూర్చోమంటారు గాని, ఇంకొకళ్ళు కూర్చుంటే వాళ్ళకి పట్టింపు."

"ఇదిగో. ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టింది?"

నేను ఆ నలిగిన గుడ్డ తీసుకుని మళ్ళీ మడత పెట్టాను.

"బందరు పంపించండి, చల్లపల్లి పంపించండి, మీ ఇష్టం. కానీ అక్కడా ఇంకో పాపాయమ్మ ఉంటుంది. అక్కడి సిస్టరూ చెప్పకపోతే అక్కడా కోసేస్తాను." లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళున్నాయి గాని గొంతు మామూలుగానే ఉంది. "నాకు మా అబ్బా ఏం చెప్పాడో తెలుసా? చక్రం విప్పేముందు చెప్పు, బిగించాక అడుగు. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ళకి అలాగే నేర్పుతాడు. ఆయన చదువుకోలేదు."

ఆ రాత్రి నేను గుడివాడ రోజులు గుర్తుచేసుకున్నాను. భానుమతిగారు నాకు ఎందుకు చెప్పలేదో అప్పుడు ఆలోచించలేదు. ఆవిడకీ ఎవరూ చెప్పి ఉండరు.

మర్నాడు కాలవ దాటుతుండగా నేనే మొదలుపెట్టాను. "మనం వెళ్ళేది చివరింటికి. అక్కడి కోడలికి ఇది ఐదో నెల. అత్తగారికి చెవుడు, గట్టిగా మాట్లాడితే తిడుతున్నామనుకుంటుంది. కాబట్టి దగ్గరకెళ్ళి మెల్లిగా చెప్పాలి. కాళ్ళవాపు చూడాలి. మామగారి ముందు చీర పైకి జరపమని అడక్కూడదు, ఆయన బయటికెళ్ళేదాకా ఆగాలి." అక్కడికి నా మాటలైపోయాయి. ఇల్లింకా చాలా దూరం ఉంది. ఇద్దరం ఊరికే నడిచాం.

"తిరిగొచ్చేటప్పుడు నేను చెప్తాను," అంది జహీదా. "ఏం చూశానో. తప్పుంటే దిద్దండి."

అలాగే చేశాం. తిరుగుదారిలో తను చెప్తుంటే నాకు ఆశ్చర్యమేసింది. కోడలు తినడం లేదని, పళ్ళెం గోడ పక్కన అలాగే ఉందని తను చూసింది. నేను చూడలేదు. ఆ తర్వాత వెళ్ళేటప్పుడు నేను మాట్లాడ్డం, వచ్చేటప్పుడు తను మాట్లాడ్డం రోజూ పద్ధతైపోయింది. సిస్టరు అనడం పోయి అక్కా అనడం మొదలెట్టింది. చల్లపల్లి మాట మళ్ళీ నేనెత్తలేదు, తనూ అడగలేదు.

రాజమ్మకి మాత్రం రోజులు దగ్గరపడుతున్నాయి. ఒకసారి వాళ్ళ వాకిలి ముందు నించి వెళ్తుంటే దడి అవతల నించి చూసి లోపలికి వెళ్ళిపోయింది. పొట్ట బాగా కిందికి దిగి ఉంది.

వెంకాయమ్మగారి మనవడి బారసాలకి మమ్మల్ని పిలిచారు. నేను జహీదాతో ముందే అన్నాను, "వాళ్ళు ఏదైనా ఇవ్వబోతే వద్దను. మనం తీసుకోకూడదు."

"మనం తీసుకోం అని ఆవిడకీ తెలుసు కదా?"

"తెలుసు."

వాకిట్లో అందరి ముందూ వెంకాయమ్మగారు తాంబూలం పళ్ళెంలో చీర పెట్టి జహీదా ముందుకి చాపారు. "మా వాడి బొడ్డు కోసిన చెయ్యమ్మా నీది. తీసుకో. గవర్నమెంటు వాళ్ళు తీసుకోరంటారు, అయినా మా ధర్మం మేం చెయ్యాలి కదా," అన్నారు. పళ్ళెం గట్టిగానే పట్టుకున్నారు.

"ఇవ్వండి పిన్నిగారూ," అంది జహీదా.

వెంకాయమ్మగారి చెయ్యి వెనక్కి వెళ్ళబోయి ఆగింది. జహీదా చీర తీసుకుని కళ్ళకద్దుకుంది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

దారిలో నేను ఏమీ అనకముందే తనే అంది. "ఇది నాకు కాదక్కా. పాపాయమ్మ మామ్మకి ఇచ్చేద్దాం."

నేను వద్దంటే పోయేది. నాకూ మనసులో అదే ఉంది. చప్పుడు లేకుండా చీర ఇచ్చేసి, చప్పుడు లేకుండా పాత పద్ధతిలో పడిపోదామనుకున్నాను.

పాపాయమ్మ చీర వైపు చూడను కూడా చూడలేదు.

"ఎవరికిచ్చారో వాళ్ళే కట్టుకోవాలి."

"ఇది మీదే మామ్మా."

"నేనేం నీ మామ్మని కాదు. ఊళ్ళో అందరూ చూస్తుండగా నువ్వు తీసుకున్నావు. ఎవరూ చూడకుండా నాకిస్తే నేను అడుక్కున్నట్టుంటుంది. చీర కోసం ఏడుస్తున్నాననుకున్నావా? నా పెట్టెలో చీరలున్నాయి. రేపు కాంతారావుగారింట్లో కాన్పుకి వెళ్తే వాళ్ళూ అదే మాటంటారు, ఎల్లుండి ఇంకొకళ్ళంటారు. నేను గుమ్మం బయట కూర్చుని మాయ పాతిపెట్టాలి." నా వైపు తిరిగింది. "తీసుకెళ్ళు అమ్మాయ్. దీంతో నీ కిటికీకి తెర కుట్టుకో."

చీర పట్టుకుని వెనక్కొచ్చాం. చాలా దూరం వచ్చాక జహీదా ఆగింది.

"అందరూ చూస్తుండగా పోయింది, అందరూ చూస్తుండగానే తిరిగి రావాలి. అంతేనా అక్కా?"

"అంతే అనుకుంటా."

"అయితే అందరి ముందూ చెప్తాను. బుధవారం పిల్లలకి సూదులు వేసే రోజు అందరూ వస్తారుగా."

నాకు భయమేసింది. జహీదా అందరి ముందూ తప్పు చేశానంటే, బందరు పిల్లకి పని రాదన్న మాట ఊరంతా పాకుతుంది. భానుమతిగారి దాకా వెళ్తుంది. "చెప్తే నీ పేరు పోతుంది," అన్నాను.

"చెప్పకపోతే రాజమ్మ ప్రాణం పోతే?"

"ఏం చెప్తావో ముందు నాకు చెప్పు," అన్నాను. ఇంటికి వెళ్ళేదాకా చెప్తూనే ఉంది. నేను రెండు చోట్ల దిద్దాను.

బుధవారం నాడు మా ఇంటి ముందు గది, అరుగు, తల్లులతో పిల్లలతో నిండిపోయాయి. వెంకాయమ్మగారు మనవణ్ణి ఎత్తుకుని కోడలితో వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. అరుగు చివర రాజమ్మ తోడికోడలు కూడా ఉంది. జహీదా చీర పొట్లం చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

"ఒక మాటండీ. పిన్నిగారి మనవడి బొడ్డు నేను కోశాను. కొయ్యకూడదు. మా పద్ధతేంటంటే బ్లేడు కాచడం మా వంతు, కొయ్యడం పాపాయమ్మగారి వంతు. నాకు తెలియక కోసేశాను. ఆవిడ అప్పుడు చేతులు కడుక్కోడానికి వెళ్ళారు, అదీ మేం కడుక్కోమన్నాం కాబట్టే వెళ్ళారు."

"అయిపోయిందానికి ఇప్పుడెందుకే అమ్మాయీ?" అన్నారు వెంకాయమ్మగారు.

"చీర నా దగ్గరుండిపోయిందండి. ఇది పాపాయమ్మగారిది. మీ చేత్తో మీరే ఇస్తే బాగుంటుంది."

ఎవరో అరుగు మీద నించి అన్నారు, "ఇచ్చేయొచ్చుగా అత్తా, ఎలాగూ కొన్నదేగా."

"నా చీర సంగతి నీకెందుకే?" అన్నారు వెంకాయమ్మగారు అటు తిరిగి. తర్వాత నన్ను అడిగారు. "ఏం దుర్గమ్మా, గవర్నమెంటు నర్సు దగ్గరుండగా మంత్రసాని కొయ్యడమేంటి? ఇది మీ రూలేనా?"

అందరూ నా వైపు చూశారు. నలుగురి ముందు మాట్లాడ్డం నాకు అలవాటు లేదు. సూది చేతిలో ఉంది, దాన్ని ట్రేలో పెట్టాను.

"నా రూలండి," అన్నాను. "ఈ ఊళ్ళో నేనున్నన్నాళ్ళూ బొడ్డు పాపాయమ్మత్తే కోస్తుంది. పక్కన నేనుంటాను. జహీదాకి ఈ సంగతి ముందు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తప్పు తనది కాదు."

వెంకాయమ్మగారు మనవడికి సూది వేయించుకుని లేచారు. జహీదా పొట్లం చాపింది. ఆవిడ తీసుకోలేదు. కానీ వెళ్తూ వెళ్తూ కోడలితో, "అది తీసుకో, ఇంటి దగ్గర చూద్దాం," అన్నారు. కోడలు నవ్వు దాచుకుంటూ తీసుకుంది.

ఆ చీర పాపాయమ్మకి చేరిందో లేదో మాకు తెలియదు. అడగడానికి వెళ్ళలేదు. వెళ్ళొద్దని నేనే అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఇంకోసారి వెళ్తే ఆవిడని తొందరపెట్టినట్టుంటుంది, తన కాళ్ళ మీద తను రావాలి.

రోజులు గడుస్తున్నాయి గాని పాపాయమ్మ రాలేదు. జహీదా పొద్దున్నే లేచి బ్లేడూ దారమూ కాచి, సంచి సర్ది పెట్టేది. సాయంత్రం మళ్ళీ విప్పేది. రక్తం ఆగే సూది ఎలా వెయ్యాలో, ఎప్పుడు వెయ్యకూడదో తనతో రోజూ అప్పచెప్పించుకునేదాన్ని. బిడ్డ బయటికి రాకముందు ఛస్తే వెయ్యకూడదు. రెండో బిడ్డ లోపల లేదని పొట్ట మీద చెయ్యి పెట్టి చూసుకోవాలి. పొట్ట ఎలా పట్టుకోవాలో దిండు మీద చూపించాను. "ఇక్కడ గట్టిగా రాయిలా తగలాలి. మెత్తగా ఉంటే రాస్తూనే ఉండాలి, భయపడి చెయ్యి తియ్యకూడదు."

"ఆ రోజు మీరు తల తిప్పకపోవడం అందుకేనా?"

"అందుకే."

"నేను మీరు నన్ను నమ్మి అటు తిరిగారనుకున్నాను."

"నమ్మాను కూడా," అన్నాను. తను దిండు నొక్కుతూ తల దించుకుంది.

మళ్ళీ సూదుల రోజు వచ్చింది. అప్పటికి సగం మందికి వేశాను. హంసలదీవి వైపు నించి నడిచొచ్చిన తల్లులు నలుగురైదుగురు ఇంకా అరుగు మీద ఉన్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. వాళ్ళ వెనకాల నించి పాపాయమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎండకి మొహం చెమటతో నిండి ఉంది.

"రాజమ్మకి మొదలయ్యాయి," అంది.

"ఎప్పటినించి?"

"పొద్దున ఎద్దులకి కుడితి పెట్టేటప్పుడు నించీ. తొందరేం లేదు, మధ్యాహ్నం దాటుతుంది." గదిలో అటూ ఇటూ చూసింది. "బ్లేడు కాచారా?"

"కాచామండి," అంది జహీదా.

"అండీ ఎందుకులే. ఆ రోజు మామ్మా అన్నావుగా."

జహీదా సంచి ముందుకి లాక్కుంది.

నేను సూది పట్టుకునే ఉన్నాను. అరుగు మీద తల్లుల్ని చూశాను. ఇంత ఎండలో ఇంత దూరం నడిచొచ్చిన వాళ్ళని వెనక్కి పంపితే మళ్ళీ రారు. రాజమ్మ ఇల్లు కాలవ అవతలే. వీళ్ళ పని కానిచ్చి వెళ్ళినా కాన్పుకి ముందే ఉంటాను. అది లెక్క. కానీ నేను లేని గదిలో, నా స్టూడెంటూ పాపాయమ్మా ఇద్దరే ఉంటారు. అది వేరే లెక్క. రెండు నెలల కిందటైతే అందరినీ లేపి నేనే వెళ్ళేదాన్ని.

"జహీదా, నువ్వు పద," అన్నాను. "రాజమ్మ నాడి చూడు, రక్తపు చుక్క కనపడినా కబురు పంపు. నీళ్ళు తాగిస్తూ ఉండు. చీకటిగా ఉంటే తలుపు తీయించు. నేను వీళ్ళకి వేసి వచ్చేస్తాను."

పాపాయమ్మ నా వైపు తేరిపార చూసింది. "ఒక్కదాన్నే పంపుతున్నావా?"

"ఒక్కతే ఎందుకవుతుంది? నువ్వున్నావుగా అత్తా."

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని అరుగు దిగింది.

జహీదా చేతులు కడుక్కుని తుడుచుకుంది. ట్రే మీద గుడ్డ కప్పి సంచిలో పెట్టింది, సూది డబ్బా తెరిచి చూసి మళ్ళీ మూసింది. అడగడానికి ఏదో ఒకటి ఉంటుందని నేను ఆగాను. తను నా మొహంలోకి ఒకసారి చూసింది. సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మంలో చెప్పుల్లో కాళ్ళు పెట్టి, అరుగు మీది పిల్లల్ని తప్పించుకుంటూ, ఒక్క మాటైనా మాట్లాడకుండా పాపాయమ్మ వెనకాల వెళ్ళిపోయింది.